డొల్ల గోడ

"నీళ్లన్న తాగు కేస్లీ. ఎండ జూడు, ఎట్ల కొడుతున్నదో."

"నాకు నీళ్లొద్దు మరియక్కా. నా మొగడేడి? గదొక్కటి చెప్పు, లేసి పోత."

చెంబు పట్టుకున్న మరియ చెయ్యి మధ్యలోనే ఆగింది. చెప్పవలసిన మనిషి లోపల నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

కేస్లీ నిన్న పొద్దున వచ్చి ఈ అరుగు మీద కూర్చుంది. పొద్దుగూకాక తండాకు వెళ్లి, తెల్లవారేసరికి మళ్లీ వచ్చింది. తునికాకు కోతల కాలం. తండాలో ఆడవాళ్లంతా అడవిలో ఉన్నారు. ఏడాదిలో చేతినిండా పని దొరికేది ఈ ఇరవై రోజులే. అది వదులుకుని కారేపల్లిలో ఒకరి గుమ్మం ముందు కూర్చుందంటే, ఆమె భయం ఎంతటిదో మరియకు తెలుస్తూనే ఉంది.

లోపలి నుంచి అత్త విశ్రాంతమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏందే పిల్లా, గిట్ల ఇంటి మీద కూసుంటే నలుగురేమనుకుంటరు? నా కొడుకు నీ మొగన్ని మింగిండా?"

"మింగిండో కక్కిండో ఆయన్నే చెప్పుమను పెద్దమ్మా. తీస్కపోయింది ఆయనే. వచ్చింది ఆయనొక్కడే."

"చెప్పె గద వాడు! పని కాలేదు, ఆడనే ఉన్నడని!"

"నిన్న పదిరోజుల్ల వస్తడన్నడు. మొన్న మా అన్నకు పదిహేను అన్నడట. ఏది పట్టుకోవాలె నేను?"

విశ్రాంతమ్మ కొడుకు మంచం వైపు ఒకసారి చూసి, మాట మార్చడానికన్నట్టు కోడలి మీద పడింది. "నువ్వేందే, చెంబు పట్టుకొని బొమ్మలెక్క నిలబడ్డవ్? హాస్టలుకు టైము కాలే?"

మరియ మిషను హాస్టల్లో వంట చేస్తుంది. వేసవి సెలవులు. వంట లేదు. ఆ సంగతి అత్తకు తెలుసు. అయినా అంది. ఆ ఇంట్లో నాలుగు రోజులుగా అందరూ ఇట్లాగే, ఏదో ఒకటి అనడానికే మాట్లాడుతున్నారు.

శుక్రవారం వచ్చాడు సవరయ్య. ఇవాళ మంగళవారం. ఈ మధ్యలో ఆదివారం ప్రార్థనకు రాలేదు. బీడీల కోసం కూడా గడప దాటలేదు. నిన్న మధ్యాహ్నం రోడ్డు మీద ఏదో జీపు చప్పుడైతే, తింటున్న కంచం వదిలేసి పెరట్లోకి వెళ్లాడు. జీపు వెళ్లిపోయిన చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోయి ఉంది.

పన్నెండేళ్లు బొగ్గు బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసినవాడు. భూమి కింద భయమంటే ఏమిటో మరిచిపోయిన మనిషి. బాయి మూతపడ్డాక, కంట్రాక్టర్లకు కూలీలను కుదిర్చే మధిర బసవపున్నయ్య కబురు పెట్టాడు: కలకత్తాలో భూమి లోపల నడిచే రైలు స్టేషనొకటి పాతబడింది, గోడలకు నీళ్లు కారుతున్నాయి, మరమ్మతుకు లోపలి పని తెలిసినవాళ్లు కావాలి అని. సవరయ్యను మేస్త్రీగా పెట్టి ఐదుగురిని వెంట పంపాడు. ఆ ఐదుగురిలో ఒకడు కేస్లీ భర్త సోమ్లా.

సోమ్లాకు బాయి పని తెలియదు. సవరయ్యే దగ్గరుండి నేర్పాడు. తమ్ముడి కంటే ఎక్కువని చెప్పుకునేవాడు.

మరియ చెంబు అరుగు మీద పెట్టి లోపలికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు. ఆయన యాడున్నడు?"

"చెప్పిన గదనే."

"నాకు వేరే పనిల పడ్డడని చెప్పినవ్. కేస్లీకి గదే పనిల ఉన్నడని చెప్పినవ్."

"రెండొక్కటే."

"రెండెట్ల ఒక్కటైతయ్?"

సవరయ్య ఇటు తిరగలేదు. మంచం పట్టీ మీద వేలితో టకటక కొడుతూ పడుకున్నాడు. ఆ చప్పుడు వింటూ ఆమె కాసేపు నిలబడింది. తర్వాత గోడకు వేలాడుతున్న చర్చి క్యాలెండరు దగ్గరికి వెళ్లి, మూలన పెన్సిలుతో రాసి ఉన్న అంకెలు చూసింది. వెళ్లేటప్పుడు అతనే రాసిపెట్టాడు. కలకత్తాలో వాళ్లుండే గుడిసెల పక్క చాయ్ దుకాణం నంబరది. ఎవరికన్నా పాణం మీదికొస్తే చెయ్యమన్నాడు.

"యాడికి?" అన్నాడు సవరయ్య, చెప్పుల చప్పుడు విని.

"హాస్టలుకు. సామాను దించుతరట."

పెళ్లయి పద్నాలుగేళ్లలో భర్తకు అబద్ధం చెప్పి గడప దాటడం అదే మొదటిసారి.

* * *

స్టేషను రోడ్డులో చందూలాల్ ఎస్టీడీ బూతు. అద్దాల గదిలో ఫ్యాను లేదు. రెండుసార్లు లైను కలవలేదు. మూడోసారి ఎవరో అర్థం కాని భాషలో పలికారు.

"పోతయ్య! పోతయ్య కో బులావ్! ఆంధ్రావాలా!" అని అరిచింది మరియ. అవతలి మనిషి ఏదో అని ఫోను పెట్టేశాడు.

పది నిమిషాలు ఆగి మళ్లీ చేసింది. ఈసారి నిద్రమత్తు గొంతు వచ్చింది. పోతయ్యే, సవరయ్య వెంట వెళ్లిన ఐదుగురిలో ఒకడు. ఆఖరి బండి పోయాక స్టేషన్లోకి దిగుతారు, పొద్దున మొదటి బండి వచ్చేలోగా పైకెక్కుతారు. వాళ్లకు పగలే పడక.

"వదినా? ఏందొదినా, అంత మంచేనా?"

"మంచే. సోమ్లాను ఒక్కసారి పిలువు పోతయ్యా. కేస్లీ మాట్లాడుతదట."

అవతల చాయ్ గ్లాసుల చప్పుడు.

"సోమ్లాను పిలుసుడేందొదినా? అన్నతోటే వచ్చిండు గద! బుధారం నాడు ఇద్దర్ని హౌరాల నేనే రైలెక్కిచ్చిన."

అద్దం అవతల చందూలాల్ ఇటే చూస్తున్నాడు. మరియ నవ్వడానికి ప్రయత్నించింది.

"ఇద్దరొక్క డబ్బాలనేనా?"

"ఒక్క సీటుకే కూసున్నరు. ఏందొదినా, సోమ్లా ఇల్లు చేరలేదా?" గొంతు మారింది. "అన్న ఏమంటున్నడు?"

"అన్న... ఆయనకు పాణం బాగలేదు. పండుకున్నడు."

"వదినా, నేన్జెప్పిన్నని అనకు. రైలెక్కే ముందర సోమ్లా అన్న కాలర్ పట్టుకున్నడు. నలుగుట్ల. నేనడ్డం పోయి ఇడిపిచ్చిన. ఎన్నడన్న జూసినమా గట్ల?"

"ఎందుకు పట్టుకున్నడు?"

"ఏందో కాయితం. ఆ గోడ సంగతి..."

అక్కడ తెగింది. మళ్లీ చేస్తే మోగింది గానీ ఎవరూ తియ్యలేదు.

బయటికి వచ్చాక ఎండలో ఆమెకు కాసేపు దారి కనిపించలేదు. ఇద్దరు ఎక్కారు. ఒక్కడు దిగాడు. మధ్యలో ఒక రోజు, ఒక రాత్రి, ఎనిమిది వందల మైళ్ల పట్టాలు.

తన భర్త చీమను తొక్కితే అయ్యో అనే మనిషి. ఆ మనిషేనా ఇప్పుడు మంచం మీద ఉన్నది? నడుస్తూ నడుస్తూ అదే అడుగుతోంది తనను తాను. అడిగిన ప్రతిసారీ జవాబు కొంచెం కొంచెం చిన్నదవుతోంది.

* * *

పెరట్లో సవరయ్య మొహం కడుక్కుంటున్నాడు. మరియ తడికె మూసి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు. అరుగు మీద కేస్లీ ఉంది.

"పోతయ్యతోటి మాట్లాడిన."

అతని చేతిలోని నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

"ఎప్పుడు? యాడికెల్లి? చందూలాల్ బూతుకెల్లా? ఎవరన్న విన్నరా?"

తప్పు చెయ్యనివాడైతే పోతయ్య ఏమన్నాడని అడుగుతాడు. ఇతడు ఎవరు విన్నారని అడుగుతున్నాడు.

"ఇద్దరెక్కిన్రట గద. ఒక్కనివే ఎట్ల దిగినవ్?"

తువ్వాలు భుజాన వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు.

"రాజమండ్రిల దిగిండు. నీళ్లకని. బండి కదిలింది. రాలే."

"నువ్వు దిగలే?"

"దిగలే."

"వేరే డబ్బాల ఎక్కిండేమోనని సూడలే?"

"సూడలే."

"టేసన్ల ఎవరికి చెప్పలే?"

"చెప్పలే అన్న గదనే! ఎన్నిసార్లడుగుతవ్!"

"తమ్ముడు తమ్ముడంటివి. తమ్ముడు తప్పిపోతే కాలు కదపలేదా నీకు?" ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "కాలర్ ఎందుకు పట్టుకున్నడు? ఏం గోడ? ఏం కాయితం?"

సవరయ్య బావి గట్టు మీద కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడినదేదో కదిలినట్టు చెప్పుకుపోయాడు.

ప్లాట్‌ఫారం పొడుగునా గోడకున్న పాత టైల్సు ఊడదీసి, కొత్త రాతి పలకలు బిగించాలి. అదీ పని. టైల్సు తీస్తే లోపల గోడ చెమ్మగా, మెత్తగా ఉంది. ఒకచోట పది అడుగుల మేర చువ్వలు తుప్పుపట్టి చేత్తో తుంచితే తునుగుతున్నాయి. సవరయ్య గడ్డపారతో కొట్టి చూశాడు. బాయిలో కప్పు కొట్టి చూసినట్టు.

"గట్టి గోడైతే ఖంగుమంటదే. అది అనలే. డొల్ల. ఎనక మట్టి కొట్టుకపోయి గుహ అయింది. సోమ్లాకు గూడ చెవు పెట్టి ఇనమన్న. ఆడు ఇని, అన్నా దీనెనక ఏం లేదు గదనే అన్నడు."

"మరి?"

"రంధ్రాలేసి లోపలికి సిమెంటు పాలు ఎక్కియ్యాలె. ముప్ఫై దినాల పని. కంట్రాక్టరుకు టైము లేదు. ఖాళీ సిమెంటు సంచులు కుక్కి, పైన గిలాబు పూసి పలకలు బిగియ్యమన్నడు. బిగిచ్చినం."

మరియ తడికె సందులోంచి అరుగు వైపు చూసింది.

"ఎవడో పై ఆఫీసర్లకు అర్జీ పెట్టిండట. ఈ శుక్కురారం ఎంక్వైరీ. దానికి ముందే ఒక కాయితం తయారు చేసిన్రు. రంధ్రాలన్ని సిమెంటుతోటి నింపినమని. మేస్త్రీని గద, మొదటి సంతకం నాదే. మిగిలినోళ్లు చేసిన్రు. సోమ్లా ఒక్కడు చెయ్యలే. ఆడు ఎంక్వైరీ కాడుంటే గొడవైతది, ఊరికి తీస్కపోయి నచ్చజెప్పి వేలిముద్ర ఏపిచ్చమని నా జేబుల పెట్టిన్రు. హౌరాల అది ఆని కంటబడ్డది."

"నువ్వు సంతకం చేసినవా?" మరియకు మిగిలిన మాటలేవీ వినబడనట్టుంది. "ఆ గోడకు ఆనుకొని నిలబడరా మనుషులు?"

"నిలబడతరు. పొద్దున ఆఫీసులకు పొయ్యే టైముల ఈగ దూరే సందుండది. పిల్లల్ని సంకనేసుకొని..."



ఆమె అతన్ని చూస్తూ నిలబడింది. చెప్పినదంతా నిజమేనని తోస్తోంది. నిజం కాబట్టే ఇంకా భయంగా ఉంది. వేలిముద్ర వెయ్యని మనిషి, వేయించుకు రమ్మన్న మనిషి, ఇద్దరే ఒక సీటులో కూర్చున్నారు. నీళ్లకని దిగాడట. రాలేదట. అంతేనా?

అడగబోయింది. అప్పుడే ఇంటి ముందు జీపు ఆగింది.

* * *

బసవపున్నయ్య తెల్లటి పంచె అంచు ఎత్తి పట్టుకుని దిగాడు. యాభై దాటిన మనిషి. తండ్రి కాలంలో కృష్ణ అవతలి నుంచి వచ్చి మధిరలో భూములు కొని స్థిరపడిన కుటుంబం. ఎవరినీ పరుషంగా ఒక మాట అన్నవాడు కాదని పేరు. విశ్రాంతమ్మ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది.

"ఎందుకమ్మా శ్రమ. మీ ఆరోగ్యం బాగుందా? మోకాళ్ల నొప్పులన్నారు, తగ్గాయా?" కూర్చుంటూ కేస్లీని చూశాడు. "ఈ అమ్మాయెవరు?"

కేస్లీ లేచి నిలబడింది. "సోమ్లా పెండ్లాన్నయ్యా. నా మొగన్ని నువ్వే గద పంపినవ్. యాడున్నడు?"

బసవపున్నయ్య జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అదే నేనూ అడుగుదామని వచ్చానమ్మా."

మరియ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. అయితే ఈయనకూ తెలియదు. సోమ్లా వీళ్ల చేతుల్లో లేడు. అది మంచికా? లేకపోతే తెలిసిన ఒకే ఒక్క మనిషి తన ఇంట్లో ఉన్నాడనా?

"సవరయ్యా! రావయ్యా బయటికి. నేను వచ్చి ఎంతసేపైంది."

సవరయ్య వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"నిన్ను నమ్మి మనిషిని అప్పగించాను. వేలిముద్ర ఏదంటే ఇంకా కాలేదని కబురు పంపావు. సరే, మొండివాడు, టైము పడుతుందిలే అనుకున్నాను. తీరా తండాకు మనిషిని పంపితే అసలు ఊళ్లోకే రాలేదంటున్నారు." స్వరం ఏమాత్రం పెరగలేదు. "నీతో రైలెక్కిన మనిషి నీతో దిగకపోతే, ఎక్కడ దిగాడయ్యా?"

సవరయ్య నేల చూపులు చూస్తున్నాడు.

"వెనక్కి వెళ్లాడా? ఎంక్వైరీ దగ్గర నిలబడదామనా? నాకు చెబితే తప్పేముంది? వాణ్ని నేనేం చేస్తాను? కూర్చోబెట్టి మాట్లాడతాను. పిల్లలున్నవాడు, పరాయి ఊరు, ఏ లారీ కిందో పడితే మనందరికీ బాధ కాదూ?"

ఆ చివరి మాట విశ్రాంతమ్మకు కూడా అర్థమైంది కాబోలు, కర్రను రెండు చేతులతో పట్టుకుంది.

సవరయ్య తలెత్తాడు.

"సోమ్లా లేడయ్యా."

"లేడంటే?"

"సచ్చిపోయిండు. రాజమండ్రి దాటినంక బ్రిడ్జి మీద. తలుపు కాడ నిలబడ్డడు, కాలు జారింది. గోదాట్ల పడ్డడు. నేన్జూస్తనే ఉన్న."

కేస్లీ నోరు తెరిచింది గానీ మొదట శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన కేకకు ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి.

"యాడీ..." తండా మాటలో అమ్మను పిలిచిన కేక.

మరియ మాత్రం కేస్లీని చూడలేదు. బసవపున్నయ్య ముఖం చూసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ ముఖంలో బిగువు సడలింది. బస్సులో సీటు దొరికిన మనిషి ముఖంలా అయింది. వెంటనే కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"అయ్యో, ఎంత ఘోరం! పోలీసులకు చెప్పావా?"

"లే."

"చెప్పకు. కంగారులో నీ మెడకే చుట్టుకుంటుంది. నేను చూస్తాను." లేచాడు. కేస్లీ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. "ఆ పిల్లను ఒంటరిగా వదలకండమ్మా. నేను ఇట్నుంచి ఇటే మధిర వెళ్లాలి. రేపు మనిషిని పంపుతాను."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

* * *

"నాలుగు దినాల సంది పీనుగను కడుపుల దాసుకున్నవారా! నా చేతి కూడెట్ల తిన్నవురా!" విశ్రాంతమ్మ కొడుకు వీపు మీద రెండు చేతులతో బాదుతోంది.

సవరయ్య ఆమెను తప్పించుకుని అరుగు మీదికి ఉరికాడు. కేస్లీ మోచేతి పైనున్న తెల్లగాజులు, మొగుడున్నంత కాలం తియ్యనివి, పట్టుకుని లాగేస్తోంది. అతడు ఆమె మణికట్లు రెండూ పట్టుకున్నాడు.

"తియ్యకు కేస్లీ! తియ్యకు! బతికే ఉన్నడు!"

కేస్లీ విదిలించుకుంది. "ముట్టకు నన్ను!"

"యేసయ్య తోడు. బతికే ఉన్నడు. ఆయన ముందర అబద్ధం చెప్పిన. ఆయన కండ్లు జూసి నాకు భయమైంది. లారీ అన్నడు, ఇన్నవ్ గద? సచ్చిండంటే ఎతుకుడు ఆపుతరని చెప్పిన."

ఎండలోనే ఒక్కసారిగా వాకిలి చల్లబడినట్టయింది. మరియ దగ్గరికి వచ్చింది.

"రాజమండ్రిల ఏమైంది?"

"కావాలని దిగిండు. ఎదురు బండెక్కి కలకత్తా పోతనన్నడు. శుక్కురారం ఆఫీసర్ల ముందర నిలబడి చెప్తడట. హౌరాల కంట్రాక్టర్ మనిషి మమ్ముల ఎక్కిచ్చిందాక కదలలే, అందుకే ఆడ ఆగలే. పోతయ్యకు గూడ కనవడనన్నడు." సవరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను గూడ దిగమన్నడు. అన్నా, నేనొక్కన్ని చెప్తే తాగుబోతు మాటంటరు, మేస్త్రీవి నువ్వు చెప్తే ఇంటరు, దిగే అన్నడు. కిటికీల చెయ్యి పెట్టి నా భుజం పట్టుకున్నడు. బండి కదిలిందాక పట్టుకున్నడు."

"దిగలేదా?"

"దిగలే మరియా. నా సంతకం యాదికొచ్చింది. జైల్ల ఏస్తరనుకున్న. మన పిల్లలు యాదికొచ్చిన్రు. దిగలే."

కేస్లీ ఏడుపు ఆగిపోయింది. ఆమె అతని ముఖంలోకి వంగి చూసింది. పసిపిల్ల ఒంటి మీది దద్దుర్లు చూసినట్టు, దగ్గరగా, ఓపికగా.

"నిన్న పనిల ఉన్నడంటివి. ఇప్పుడే సచ్చిండంటివి. మల్ల బతికిండంటున్నవ్. ఏది అబద్ధం? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెప్పేదా?"

"ఇది నిజం కేస్లీ."

"గదీ గట్లనే చెప్పినవ్. గింత గూడ తేడా లేదు నీ మొకంల."

సవరయ్య భార్య వైపు చూశాడు. కేస్లీ కూడా అటే చూసింది.

"మరియక్కా, నీ మొగడు. పద్నాలుగేండ్లు కాపురం చేసినవ్. నువ్వు చెప్పు. నువ్వు నమ్ముతున్నవా?"

పక్కింటివాళ్లు ప్రహరీ మీదుగా చూస్తున్నారు. విశ్రాంతమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందో, కోడల్ని బతిమాలుతోందో. ఒక్క మాట చాలు. అవ్ అంటే చాలు, ఆ మనిషి మళ్లీ ఇంట్లో తలెత్తుకు తిరుగుతాడు.

"నమ్ముతలేను," అంది మరియ.

సవరయ్య అరుగు అంచున కూర్చుండిపోయాడు.

"నమ్ముతలేను కేస్లీ. అబద్ధమని గూడ అనలేను. మనం ఈడ కూసొని నిజమేందో తేల్చలేం. ఇయ్యాల మంగళారం. సాయంత్రం పాసింజరెక్కితే డోర్నకల్‌ల పెద్ద బండి దొరుకుతది. గురారానికి ఆడుంటం. సోమ్లా ఉంటే ఆ గోడ కాడనే ఉంటడు." భర్త వైపు తిరిగింది. "ఉంటే, ఆయన పక్కన నిలబడి నువ్వు చెప్తవ్. ఏం సంతకం చేసినవో, ఎందుకు చేసినవో. లేకుంటే, యాడ దింపినవో పోలీసులకు చెప్తవ్. ఏదన్న ఒకటి చెప్తవ్."

"జైల్ల పెడితే?"

"హాస్టల్ల వంట చేసి పిల్లల్ని నేను సాకుత."

విశ్రాంతమ్మ అడ్డం వచ్చింది. "నీకు పిచ్చి లేసిందే! కట్టుకున్నోన్ని చేతులార..."

"నువ్వు చెప్పు అత్తా. ఆ గోడ కూలి పదిమంది పోతే, ఆ కూడు మనకు దిగుతదా?"

ముసలామె కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చినప్పుడు ఆమె చేతిలో రొట్టెల మూట ఉంది. ఎవరికీ ఇవ్వకుండా అరుగు మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

సవరయ్య చాలాసేపటికి లేచి చొక్కా వేసుకున్నాడు.

* * *

పాసింజరులో ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చోలేదు. ఆడవాళ్లిద్దరూ ఒక పక్క, సవరయ్య ఎదురుగా. ప్రతి స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా కేస్లీ కళ్లు అతని కాళ్ల మీదికి పోయేవి. ఒకసారి అతను బీడీకి తలుపు దగ్గరికి వెళ్లబోతే, ఆమె కూడా లేచి నిలబడింది. సవరయ్య బీడీ జేబులో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

డోర్నకల్‌లో దిగేసరికి ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. ప్లాట్‌ఫారం నిండా జనం. టికెట్ల కిటికీ ముందు పొడుగాటి వరుస. సవరయ్య ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. వెనకే వస్తున్న మరియ అతని వీపుకు తగిలింది.

వరుసలో మూడో మనిషి తెల్లపంచె కట్టుకుని ఉన్నాడు. చేతిలో చిన్న సంచి. మధిర వెళ్లాలని చెప్పి జీపులో బయలుదేరిన మనిషి.

బసవపున్నయ్య తల తిప్పి చూశాడు. ఆశ్చర్యపోలేదు. మరియను, కేస్లీని చూసి మర్యాదగా తల ఊపాడు. తర్వాత సవరయ్యతో, ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు:

"వచ్చావా? ఈ బండికి అందుకోలేవేమో అనుకున్నాను."

కేస్లీ వేళ్లు మరియ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"నేను రమ్మనలే!" సవరయ్య గిరుక్కున తిరిగాడు. "మరియా, నీ తోడు, పిల్లల తోడు, ఈయన్ని నేను రమ్మనలే. ఈయన వస్తున్నట్టు నాకు తెల్వదు!"

"ఒట్లెందుకయ్యా, నలుగురిలో," అన్నాడు బసవపున్నయ్య. "ఆడవాళ్లు భయపడతారు."

మధ్యాహ్నం ఆ జీపు వెళ్లిపోయిన తర్వాత భర్త తన కళ్లముందు నుంచి ఎంతసేపు తప్పుకున్నాడు? చొక్కా వేసుకోవడానికి వెళ్లాడు. పెరట్లోకి ఒకసారి వెళ్లాడు. అంతే. ఆ కొంచెం చాలదా? లేకపోతే ఈ పెద్దమనిషి అన్న ఒక్క ముక్కే, తమ ముగ్గురినీ ఇక్కడే విడగొట్టడానికి చాలదా? మరియ ఒకరి ముఖం నుంచి మరొకరి ముఖంలోకి చూసింది. ఏ ముఖం మీదా జవాబు రాసి లేదు.

వాళ్లు ఎక్కవలసిన, విజయవాడ వైపు బండికి గంట కొట్టారు. వరుస కదిలింది.

మరియ కొంగు నడుముకు దోపి, ముందుకు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"టికెట్లు నేను తీస్త," అంది. "ఓ బసవపున్నయ్యగారూ, మీది గూడ నేనే తీస్త. మీరిద్దరు ఆ దీపపు స్తంభం కాడ నిలబడున్రి. నాకు కనవడేటట్టు."

బసవపున్నయ్య చిరునవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

సవరయ్య మొదట స్తంభం వైపు కదిలాడు.